పన్నెండో ముదురు పసుపు స్వెటర్

ఆగండి. ఆ ఫోను బోర్లా పెట్టి కాసేపు నా మాట వినండి, ఎంతోసేపు కాదు, నా దగ్గరున్నదే గంట, స్క్రీను మూల నాలుగూ రెండు చూపిస్తోంది, ఐదింటికి ఈ బాక్సు మూతపడిపోతుంది, ఆ తర్వాత మీరు విన్నా ఒకటే వినకపోయినా ఒకటే. నేను బట్టలు ఎంచిపెట్టే మనిషిని, కొట్లో నిలబడి కాదు, ఇక్కడ కుర్చీలో కూర్చుని. మీరు మీ కొలతలూ ఇష్టాలూ ఎక్కడికెళ్లడానికో ఏమిటో ఫోన్లో నింపుతారు, మా మెషీన్ అదంతా చదివి కింద గోడౌన్లో ఉన్న లక్ష బట్టల్లోంచి ఐదు తీస్తుంది, ఆ ఐదూ నా ముందుకొస్తాయి, నేను వాటిని ఉంచొచ్చు, మార్చొచ్చు, చివర్లో మనిషి రాసినట్టుండే చీటీ ఒకటి రాయాలి, మనిషినే కాబట్టి అలా ఉండక చస్తుందా. మీరు నచ్చినవి ఉంచుకుని నచ్చనివి వెనక్కి పంపుతారు, ఎందుకు నచ్చలేదో ఒక ముక్క రాస్తారు, ఆ ముక్క తిని మెషీన్ ఇంకొంచెం తెలివి మీరుతుంది. మేమంతా దాన్ని అత్తగారంటాం. ఎందుకంటే అది తీసిన చొక్కా మనం మార్చామా, టక్కున ఒక గడి తెరుచుకుంటుంది, ఎందుకు మార్చారు? కారణం రాయనిదే కదలనివ్వదు. రాశామా, మర్నాటికల్లా ఆ కారణం తనే కనిపెట్టినట్టు మనకే పాఠం చెబుతుంది. చేరిన కొత్తలో నాకెంత పిచ్చో ఈ పనంటే, రోజుకి పద్దెనిమిది బాక్సులు, ఒక్కో మనిషినీ తలుచుకుని, ఈవిడ నవ్వితే ఈ రంగు బాగుంటుంది, ఈయన కూర్చుంటే ఈ ప్యాంటు మోకాళ్ల దగ్గర ముడుచుకుంటుంది అని ఊహించుకుంటూ ఇంటికెళ్లాక కూడా అవే ఆలోచనలు. ఇప్పుడు అరవై బాక్సులు. అత్తగారు సాయం చేస్తోంది కదా, అందుకని అరవై. సాయం అన్న మాటకి ఇంత అలుపుంటుందని నాకు ముందు తెలీదు, కళ్లల్లో సన్నటి ఇసుక పోసినట్టుంది, మెడ వెనక ఎవరో చెయ్యేసి నొక్కుతూనే ఉన్నట్టుంది, రంగులన్నీ ఒకటే రంగులా కనిపిస్తున్నాయి.

అలాంటి మధ్యాహ్నం నలభై మూడో బాక్సు తెరుచుకుంది. పేరుండదు, మాకు పేర్లు చూపించరు, ఊరూ వీధీ చూపించరు, అవి కింద లేబులు అంటించే చోట మాత్రమే, మాకు ఒక నంబరూ కొలతలూ, కస్టమర్ రాసిన నాలుగు మాటలూ. ఈవిడ పాత కస్టమరే, మూడేళ్లుగా వేరే ఎవరో చూసేవారు, ఆ ఎవరో ఉద్యోగం మానేస్తే అత్తగారు నాకు అంటగట్టింది. నాలుగు మాటలూ చదివాను. మళ్లీ చదివాను. "ఆదివారం మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను. ఆరేళ్లుగా మాటల్లేవు. వస్తున్నట్టు తనకి తెలీదు. బతిమాలడానికి వచ్చినట్టు ఉండకూడదు, పోట్లాటకి వచ్చినట్టూ ఉండకూడదు, అటుగా వెళ్తూ ఆగినట్టు ఉండాలి. నా ఎడమ చెయ్యి అంగుళం పొట్టి, కొంచెం గుర్తుపెట్టుకోండి." ఇంతే. కుర్చీ వెనక్కి జరిపితే చక్రం కీచుమంది, పక్క సీటావిడ చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, "ఏమైంది, అత్తగారు తిట్టిందా?" అంది, "ఆ, కొంచెం," అన్నాను, "నాకు రోజూ తిడుతుంది, నేను ఊ కొడతా," అని మళ్లీ పెట్టేసుకుంది. గాజు గోడ కింద ప్యాకింగ్ బెల్టు నడుస్తూనే ఉంది, గోధుమ రంగు అట్టపెట్టెలు ఒకదాని వెనక ఒకటి, ఒద్దికగా, ఎవరి కొంపకి ఏం మోసుకెళ్తున్నాయో వాటికేం తెలుసు.

ఎడమ చెయ్యి అంగుళం పొట్టి. అక్కకి తొమ్మిదేళ్లు, నాకు నాలుగు, మేడ మీద అద్దె వాటా, నన్ను చంకనేసుకుని మెట్లు దిగుతూ కాలు జారింది, నన్ను పైకెత్తి పట్టుకుని తను ఎడమచేతి మీద పడింది, నాకు దెబ్బే తగల్లేదు, ఏడ్చింది మాత్రం నేనేనట. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి ఎదగడంలో కుడిచేతికంటే అంగుళం వెనకబడింది. అమ్మ బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టేది, పొడుగువి పొట్టి చేయడం, లావైనవాళ్లకి వదులు చేయడం, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది, ఆ మాటలు మాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. అక్క గౌన్లకి ఎడమచేతిని అంగుళం తగ్గించి కుట్టింది, సరే, అది న్యాయం. కానీ నావి కూడా అలాగే కుట్టింది. ఒకే తానులో గుడ్డ, ఇద్దరికీ ఎడమచెయ్యి అంగుళం తక్కువ. నాకెందుకమ్మా, నా చేతులు బాగానే ఉన్నాయి కదా అని ఏడిస్తే గుండుసూదుల్లోంచి, "మనింట్లో అంతే," అనేది. స్కూల్లో ఒకడు, మీ అమ్మకి కొలవడం రాదా అని వెక్కిరిస్తే అక్క వాడి మొహం మీదకి వెళ్లి, "ఇది మా ఇంటి ఫ్యాషను, మీ ఇంటికి రావడానికి ఇంకా టైం పడుతుంది," అంది. ఆ రోజు నుంచి నేను ఎడమ మణికట్టు గాలికి కనపడేలా తిరిగాను, గర్వంగా, ఏదో బిరుదు వచ్చినట్టు. ఇప్పటికీ కొత్త చొక్కా వేసుకుంటే ఎడమచేతిని ఒక మడత పెడితే గానీ నాది అనిపించదు.

నాలుగూ పదమూడు. వెనక చెప్పుల చప్పుడు, టార్గెట్ మేడం, మా సూపర్‌వైజరు, మనిషి మంచిదే గానీ ఆవిడ కళ్లల్లో ఎప్పుడూ ఒక గడియారం ఉంటుంది.

"నలభై మూడో దాని మీద పదకొండు నిమిషాలు. ఎంచుతున్నావా, కూర్చుని నేస్తున్నావా?"

"కస్టమర్ రాసింది కొంచెం తిరకాసుగా ఉంది మేడం."

"తిరకాసైతే అత్తగారి మాట విను. నీకంటే నాకంటే దానికే ఎక్కువ తెలుసు."

"మేడం, ఒకవేళ తెలిసిన మనిషైతే..."

"తెలిసిన మనిషా?"

"కాదు, ఊరికే అడిగా."

"తెలిసిన మనిషైతే ఎర్ర బటన్ నొక్కు, వేరేవాళ్లకి పోతుంది. ఊరికే అడగడాలేం పెట్టుకోకు. ఆ బాబ్ కట్ పిల్ల ఏం చేసింది, మొగుడి పాత లవర్ బాక్సు తన దగ్గరికొస్తే నోరు మూసుకుని ఐదూ గోనెసంచుల్లాంటివే పంపింది. ఇప్పుడెక్కడుంది? ఇంట్లో. వండుకుంటోంది."

పక్క సీటావిడ ఇయర్‌ఫోను పెట్టుకునే కిసుక్కున నవ్వింది. మేడం వెళ్లిపోయింది. ఎర్ర బటన్ స్క్రీను మీద పై మూల, బొట్టుబిళ్లంత, ఒక్క నొక్కు, అక్క ఎవరి చేతిలోకో వెళ్లిపోతుంది, ఎవరో అలిసిపోయిన ఇంకో మనిషి, యాభై ఆరో బాక్సుగా అక్కని చూసి ఏదో ఒకటి పెట్టి పంపేస్తారు, ఆదివారం అక్క నా గుమ్మంలో ఎవరో ఎంచిన బట్టల్లో నిలబడుతుంది. నొక్కడానికి వేలు పెట్టాను కూడా. పెట్టి, ఎందుకో, పాత లెక్క తెరిచాను, ఈ మూడేళ్లలో ఈ కస్టమర్ ఏం ఉంచుకుంది ఏం వెనక్కి పంపింది అని, అది అందరికీ చూసేదే, పనిలో భాగమే, అక్కడే నా పని అయిపోయింది.

స్వెటర్లు. మూడేళ్లలో పదకొండు స్వెటర్లు, అన్నీ ముదురు పసుపే, అన్నీ ముందు బొత్తాలున్నవే, అన్నీ వెనక్కి పంపినవే. మొదటిదానికి కారణం, జేబులు లోతు లేవు. రెండోదానికి, బొత్తాలు చిన్నవి. మూడోది, చెక్క బొత్తాలు కావాలి. అత్తగారు ప్రతిసారీ నేర్చుకుంది పాపం, జేబులు లోతు చేసింది, చెక్క బొత్తాలు వెతికింది, మెడ దగ్గర మడత తెచ్చింది, నాలుగోది, ఐదోది, ఆరోదానికి అక్క, మోచేతుల దగ్గర ఇంత గట్టిగా ఉండదు అని రాసింది, ఉండకూడదు అని కాదు, ఉండదు అని. ఎనిమిదోదానికి, కొత్త వాసన. తొమ్మిది నుంచి ఇంక కారణాలు చెప్పే ఓపిక కూడా పోయినట్టుంది, ఇది కాదు, ఇది కాదు, ఇది అది కాదు. దాని కింద అత్తగారు తన మాట రాసుకుంది, "ఈ కస్టమర్‌కు ముదురు పసుపు స్వెటర్ మీద ఆసక్తి చాలా ఎక్కువ. సరైనది ఇంకా దొరకలేదు. దొరికే అవకాశం ఉంది." ఈ రోజు ఐదింట్లో ఐదోది మళ్లీ స్వెటరే. పన్నెండోది. దొరికే అవకాశం ఉందని నమ్ముతున్న ప్రాణి ఈ భూమ్మీద అక్క కాక ఇదొక్కటే. సరైనదేదో నాకు తెలుసు. సరైనది ఇప్పుడు, ఈ ఏసీ చలికి, నా ఒంటి మీద ఉంది.

అమ్మది. చెక్క బొత్తాలు, ఒకటి పోతే అదే రంగు దారంతో ఇంకో పాత స్వెటర్‌ది తీసి కుట్టుకుంది, దగ్గరగా చూస్తే ఒక్క బొత్తాం కొంచెం నల్లగా ఉంటుంది. మోచేతుల దగ్గర పల్చబడి అవతలి వెలుతురు కనిపిస్తుంది. కుడి జేబులో గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్క, అరిగి గోరంత అయింది, ఉతికేటప్పుడు తప్ప నేను ఎప్పుడూ బయటికి తియ్యలేదు. చివరి ఎనిమిది నెలలూ అమ్మ దగ్గర నేనే ఉన్నాను, అక్కకి షిఫ్టుల ఉద్యోగం, చంటిపిల్ల, వారానికోసారి వచ్చేది, వచ్చినప్పుడల్లా దిండు సర్ది, గ్లాసు సర్ది, నేను సర్దినవన్నీ మళ్లీ సర్దేది, నాకు ఒళ్లు మండేది, ఇప్పుడు తలుచుకుంటే అది చేతులకి ఏదో ఒక పని కావాలనే గానీ నన్ను తప్పుపట్టడానికి కాదు. అమ్మ పోయిన మూడో రోజు నాకు ఆ గదిలో గాలి ఆడలేదు. ప్రతి గుడ్డా మందుల వాసన, ప్రతి గుడ్డా ఒక పేరు పెట్టి పిలుస్తున్నట్టు. పాత బట్టలు తీసుకెళ్లే వ్యానుకి ఫోన్ చేశాను. పన్నెండు సంచులు. ఒక్కదాన్నే కిందికి దింపాను. ఎవర్నీ అడగలేదు, అక్కని కూడా, అడగాలనే గుర్తు రాలేదు, ఇది అబద్ధం, గుర్తొచ్చింది, అడిగితే ఆగమంటుందని అడగలేదు. మర్నాడు అక్క సూట్‌కేసుతో వచ్చింది. ఖాళీ సూట్‌కేసు. అమ్మ బట్టలు సగం పంచుకుందామని, కాదు, పంచుకోవడం కూడా కాదు, ఇద్దరం కూర్చుని మడతపెడదామని వచ్చింది. బీరువా తెరిచింది. ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. నా వైపు తిరక్కుండానే, "ఒక్కటైనా ఉంచావే?" అంది. లేదు అన్నాను. ఆ క్షణాన ఈ స్వెటర్ వాషింగ్ మెషీన్లో తిరుగుతోంది, తలుపు అవతలే, దాని చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తోంది. ఒక్కటే ఉంది, ఇస్తే పోతుంది, అంతే, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఎనిమిది నెలలు నేను చేశాను, ఇది నాది అనుకున్నాను. "ఒక్కటి కూడానా," అంది. "ఒక్కటి కూడా," అన్నాను. ఖాళీ సూట్‌కేసు మెట్లు దిగితే ఎలాంటి చప్పుడు చేస్తుందో మీకు తెలుసా, నిండుదానికంటే ఎక్కువ చేస్తుంది, ప్రతి మెట్టుకీ ఎగిరెగిరి పడుతుంది. ఆ మెట్లే. చెయ్యి విరిగిన మెట్లే.

ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి స్వెటర్ ఇంట్లో ఉంచను. ఆఫీసులోనే, ఈ కుర్చీ వీపుకి. చలికి అని అందరికీ చెబుతాను. ఇంట్లో ఉంటే అక్క ఎప్పుడైనా తలుపు కొట్టొచ్చు కదా. చూశారా, ఆరేళ్లుగా రాదు రాదు అనుకుంటూనే రేపే వస్తుందేమో అన్నట్టు దాచాను. ఇంకో సంగతి వినండి, ఈ లక్షల మంది కస్టమర్లలో అక్క నా దగ్గరికే ఎలా వచ్చింది? పేరు చూసి కాదు, పేర్లతో అత్తగారికి పనిలేదు. కస్టమర్‌కీ ఎంచేవాళ్లకీ రుచులు ఎంత కలుస్తాయో చూసి జోడీ కడుతుంది. మాకూ ఖాతాలుంటాయి, మేమూ ఇక్కడి బట్టలే కొనుక్కుంటాం. నా ఖాతాలో చేతుల కొలత దగ్గర, చేరిన మొదటి రోజు, ఆలోచించకుండా నింపేశాను, కుడి ఇరవై మూడు, ఎడమ ఇరవై రెండు. నా చేతులు రెండూ సమానం. అమ్మ కుట్టిన లెక్క అది, ఒంటి లెక్క కాదు. నాలుగేళ్లుగా నేను ఆ తప్పు కొలత దిద్దలేదు, అత్తగారు దాన్నే నిజమనుకుంది, ఎడమచెయ్యి అంగుళం పొట్టి ఉన్నవాళ్లు ఇంకెవరున్నారని వెతికింది, ఒకే ఒక్కరు దొరికారు, వాళ్లకీ మెడ దగ్గర గుచ్చుకునే ఉన్ని పడదు, వాళ్లూ చుక్కల గుడ్డ వెనక్కి పంపుతారు, వాళ్లూ పెద్ద జేబులంటే పడిచస్తారు. పోలిక నూటికి తొంభై ఏడు. ఆరేళ్లు మేం మొహాలు చెరో వైపు తిప్పుకుని కూర్చుంటే ఈ అత్తగారు మా ఇద్దర్నీ ఒకే అరలో మడతపెట్టి పెట్టింది. దానికి అక్కా తెలీదు, చెల్లెలూ తెలీదు, మెట్లు తెలీవు. అబద్ధపు కొలత పట్టుకుని నిజమైన మనిషిని తెచ్చి నా ముందు పడేసింది.

నాలుగూ ముప్ఫై ఐదు. మిగతా నాలుగూ నేనే మార్చేశాను, అత్తగారు తీసిన బూడిద రంగు కోటు తీసేశాను, అది వేసుకుంటే అక్క తీర్పు చెప్పడానికి వచ్చినట్టుంటుంది, ఎందుకు మార్చారు అంది, అటుగా వెళ్తూ ఆగేవాళ్లు కోటు వేసుకోరు అని రాశాను. నీలం కాటన్ చొక్కా, పెద్ద జేబుల ప్యాంటు, మెత్తటి చెప్పులు, ఆ చెప్పులు ఎందుకంటే మెట్లు ఎక్కాలి, నేనున్నది ఇప్పుడూ మేడ మీదే, అది రాయలేదు, నడకకి హాయి అని రాశాను. ఒక స్కార్ఫు. ఐదోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. చొక్కా ఎడమచేతిని అంగుళం తగ్గించాలని కింది కుట్టుపని వాళ్లకి గుర్తు పెట్టి, ఐదోది మార్చకుండానే బాక్సు కిందికి పంపి, లేచి, స్వెటర్ ఒంటి మీదే ఉంచుకుని మెట్లు దిగాను.

కింద బెల్టు చివర తూకం బాబాయ్ ఉంటాడు, బాక్సుల బరువు చూసే ఆయన, ప్రతి బాక్సూ ఆయన ముందున్న పలక మీద ఆగి, కంప్యూటర్లో ఉన్న బరువుకీ దీనికీ యాభై గ్రాములు దాటి తేడా ఉంటే బెల్టు దాన్ని పక్కకి తోసేస్తుంది, అప్పుడు ఆయన విప్పి చూస్తాడు.

"బాబాయ్, నా నలభై మూడోది వచ్చిందా?"

"ఇదిగో, నీ బాక్సులు వాసన పట్టి చెప్తా, నీట్‌గా ఉంటాయి. ఏమ్మా, మొహం అలా వేలాడేశావ్, అన్నం తిన్నావా?"

"తిన్నా. ఇందులో పసుపు స్వెటర్ తీసి ఇంకోటి పెట్టాలి."

"పెట్టు. ఏది?"

ఒంటి మీది స్వెటర్ విప్పాను. చేతులు రెండూ చలికి ఒక్కసారి ముడుచుకుపోయాయి. ఆయన దాన్ని తీసుకుని పలక మీద పెట్టాడు, పన్నెండోదాన్ని కూడా పెట్టాడు, నాలుగొందల పన్నెండు, నాలుగొందల ముప్ఫై.

"పద్దెనిమిది గ్రాములు. దాటిపోద్ది, ఎవరికీ తెలీదు," అన్నాడు. మోచేయి దగ్గర వేలు పెట్టి వెలుతురుకి చూశాడు. "ఇది మన సరుకు కాదుగా."

"కాదు."

"బార్‌కోడ్ లేదు. వాళ్లకి నచ్చక వెనక్కి పంపారనుకో, ఇది ఎవరిదో ఎవరికీ తెలీదు, సంచిలో పడేస్తారు. వ్యాను వచ్చి పట్టుకుపోద్ది. నేనాపలేను."

"తెలుసు బాబాయ్."

"తెలిసే పెడుతున్నావా, తెలీక పెడుతున్నావా అని అడిగా, అంతే."

ఇదీ సంగతి. నాలుగూ నలభై తొమ్మిది. మీరేమంటారో నాకు తెలుసు, ఆదివారం ఎలాగూ వస్తోంది కదా, చేతికే ఇవ్వచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను, మెట్లు దిగేటప్పుడు ఆరు మెట్ల దాకా అదే అనుకున్నాను. కానీ నా సంగతి నాకు తెలుసు, తలుపు తీసి అక్క మొహం చూస్తే, నీలం చొక్కాలో, ఎడమచెయ్యి సరిగ్గా మణికట్టు దగ్గర ఆగి, అటుగా వెళ్తూ ఆగాను అంటే, కాఫీ పెడతా కూర్చో అంటాను, అంతా ఎంత బాగుందో అనిపిస్తుంది, ఆ బాగుండటాన్ని చెడగొట్టడం ఎందుకని ఇంకో ఆరేళ్లు దాస్తాను. అది తెలీకుండా వచ్చిన మనిషి నన్ను క్షమించినా ఆ క్షమ నాకు కాదు కదా, ఒక్కటి కూడా ఉంచని చెల్లెలికి. శనివారం ఈ బాక్సు విప్పితే తనకి అన్నీ ఒకేసారి తెలుస్తాయి, స్వెటర్ ఉందని, నేను అబద్ధమాడానని, ఎవరో ముక్కూమొహం తెలీని మనిషికి రాసుకున్న మాటలు నేను చదివేశానని. ఆదివారం రాకపోవచ్చు. సూట్‌కేసు దిగిన మెట్లు మళ్లీ ఎక్కకపోవచ్చు. కోపంలో ఇది అది కాదు అని రాసి పన్నెండోసారి వెనక్కి పంపేయొచ్చు, అప్పుడు స్వెటరూ పోతుంది, అక్కా పోతుంది, నాకు మిగిలేది తప్పు కొలత ఒకటి. అదీ కాక ఉద్యోగం కూడా పోతుంది.

చీటీ బాబాయ్ దగ్గరున్న చిన్న స్క్రీను మీదే రాశాను. "ఇది అదే." రెండు మాటలు. అత్తగారికి నచ్చలేదు, ఎర్రగా గీత పెట్టింది, చీటీ మరీ చిన్నదిగా ఉంది, కస్టమర్‌కు అర్థమయ్యేలా వివరించండి అంది. ఈ నాలుగేళ్లలో దాని నోటి వెంట వచ్చిన మాటల్లో ఇంత సరైన మాట నేను వినలేదు గానీ, వివరించడానికి నాకు ఓపిక లేదు, నిజంగా లేదు, వివరించగలిగితే అప్పుడే బీరువా ముందే వివరించేదాన్ని. అలాగే ఉంచి చీటీ ప్రింటు కొట్టాను. నాలుగూ యాభై ఏడు. పన్నెండో స్వెటర్ నా చేతిలో ఉంది, కొత్త వాసన. అమ్మది బాక్సులో ఉంది, పైన చీటీ, జేబులో సుద్దముక్క అలాగే ఉంది. పైన గాజు గోడ వెనక మేడం నిలబడి నా ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది. బాబాయ్ మూత రెండు రెక్కలూ దగ్గరికి నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో టేపు చివర గోటితో లేపి, "వెయ్యమంటావా?" అంటున్నాడు, నాకు నోరు రావడం లేదు, కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా, నా జాగాలో మీరుంటే, వెయ్యమంటారా?